టోపీ మీద ఒత్తు నిలవాలంటే

(తెలుగు భాషా దినోత్సవం సందర్భంగా విజయనగరంలో జరిగిన ఒక సభలో, కంప్యూటర్ ఎంబ్రాయిడరీ షాపు నడిపే ఒకరు చేసిన ప్రసంగం. చివర సభికుల ప్రశ్నలు కూడా ఉన్నాయి.)

వేదిక మీది పెద్దలకు, ఎదురుగా కూర్చున్న మాస్టార్లకు, మగ్గం పని చేసే అక్కచెల్లెళ్లకు నమస్కారం.

నాకంటే ముందు మాట్లాడిన పెద్దలు గిడుగు రామమూర్తి గారి గురించి, వాడుక భాష గురించి చక్కగా చెప్పారు. నాకు అంత చదువు లేదు. టోపీల మీద పేర్లు కుట్టడం నా పని. టోపీ అనగానే వెనక వరుసలో నవ్వుతున్నారు, ఆ నవ్వు మా వృత్తికి మామూలే. (నవ్వులు) నన్ను ఎందుకు పిలిచారని నిర్వాహకులను అడిగాను. "టోపీల మీద తెలుగు ఎందుకు కనిపించదో మీరే చెప్పాలి" అన్నారు. న్యాయమైన ప్రశ్న. మన ఊరి క్రికెట్ జట్ల టోపీలు చూడండి, కాలేజీ టోపీలు చూడండి, పొద్దున్నే అయోధ్య మైదానంలో నడిచేవారి టోపీలు చూడండి. అన్నింటి మీదా ఇంగ్లీషే. ఎందుకని షాపులో అడిగితే, "తెలుగు మిషనుకు లొంగదండీ, ముద్దగా వస్తుంది" అంటారు.

ఆ మాట తప్పు. మిషనుకు ఏ భాషా రాదు. సూది ఇక్కడ దిగాలి, తరువాత అక్కడ దిగాలి అనే చుక్కల వరుస తప్ప దానికి అందేది ఏమీ లేదు. మేము మిషనుకు ఇచ్చే డీఎస్‌టీ ఫైలులో అక్షరం అనేదే ఉండదు. మిల్లీమీటరులో పదో వంతు కొలతతో అడుగులు మాత్రమే ఉంటాయి, ఒక్క అడుగు 12.1 మిల్లీమీటర్లకు మించదు. ఏ రంగు దారం వాడాలో కూడా అందులో రాసి ఉండదు. మరి తెలుగు ఎందుకు ముద్ద అవుతోంది? కాగితం మీద అచ్చు వేయడానికి గీసిన అక్షరాన్ని తెచ్చి, దాని లోపలంతా దారంతో నింపుతున్నాం కాబట్టి. దారంతో అక్షరాన్ని నింపకూడదు, రాయాలి. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది అదే.

చిన్న ముచ్చట ఒకటి. రామమూర్తి గారు పుట్టింది 1863లో. సరిగ్గా అదే సంవత్సరం స్విట్జర్లాండులో ఐజాక్ గ్రోబ్లి అనే ఆయన పైన సూది దారం, కింద నాడెలో ఇంకో దారం పెట్టి నడిచే ఎంబ్రాయిడరీ యంత్రాన్ని కనిపెట్టాడు. అంతకు ముందు 1828లో హైల్మాన్ అనే ఆయన ఫ్రాన్స్‌లో చేసిన యంత్రం ఉంది. ఆ రెండింటినీ మనిషే చేత్తో బొమ్మ గీత వెంట నడిపించాలి. 1898లో గ్రోబ్లి కొడుకు రంధ్రాల కాగితం చూసి తనంతట తాను నడిచే యంత్రం చేశాడు. ఆ కాగితాలకు రంధ్రాలు కొట్టే పనినే పంచింగ్ అన్నారు. కాగితం పోయి కంప్యూటర్ వచ్చినా, సూది ఎక్కడెక్కడ దిగాలో కంప్యూటర్‌లో గీసే పనిని మేము ఇప్పటికీ పంచింగ్ అనే అంటాం. పంచింగ్ చేసేవాడి చేతిలోనే అంతా ఉంది. మిషను ముందు నిలబడి దారం మార్చేవాడి తప్పు అందులో చాలా తక్కువ.

మగ్గం పని చేసే అమ్మలు ఇంతమంది ఉన్నారు కాబట్టి మీ పని నుంచే మొదలుపెడతాను. జాకెట్టు మీద పేరు రాయమంటే మీరు గొలుసు కుట్టు వేస్తారు. ఆ కుట్టు అక్షరం వెంట నడుస్తుంది. 'గ' రాసేటప్పుడు పలక మీద బలపం ఎటు తిరుగుతుందో మీ సూది కూడా అటే తిరుగుతుంది. మేము పేర్లకు వాడే శాటిన్ కుట్టు అలా కాదు. అది గీతకు అడ్డంగా పడుతుంది. ఈ అంచు నుంచి ఆ అంచుకు, ఆ అంచు నుంచి ఈ అంచుకు ఊగుతూ మెల్లగా ముందుకు జరుగుతుంది. పేరుకు మెరుపు వచ్చేది కూడా అందువల్లే, దారాలన్నీ పక్కపక్కన ఒకే వాలులో పడుకుంటాయి. మామూలుగా వాడే 40 నంబరు దారానికి వరుసల మధ్య దూరం 0.4 మిల్లీమీటరు ఉంచుతాం. గీత వెడల్పు 1 మిల్లీమీటరు కంటే తగ్గితే రెండు వైపులా సూది గుచ్చిన బెజ్జాలు దగ్గరైపోయి గుడ్డ తెగుతుంది. 7, 8 మిల్లీమీటర్లు దాటితే దారం వదులై, గోరు తగిలినా లేచి వస్తుంది.

ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో సగానికి పైగా తిన్నని గీతలే. వాటి మీద శాటిన్ హాయిగా సాగిపోతుంది. తెలుగులో తిన్నని గీత ఎక్కడుంది చెప్పండి? అంతా వంపే. వంపులో బయటి అంచు పొడవు, లోపలి అంచు పొట్టి. బయట 0.4 దూరం పెడితే లోపల దారాలు బండి చక్రం ఆకులు నడిమి దగ్గర కిక్కిరిసినట్టు కిక్కిరిసిపోతాయి. సూది అక్కడే మళ్లీ మళ్లీ గుచ్చుతుంది. దారమైనా తెగుతుంది, గుడ్డయినా చిరుగుతుంది. దీనికి విరుగుడు ఎప్పటి నుంచో ఉంది: వంపు లోపలి వైపు కొన్ని కుట్లను అంచు దాకా పోనివ్వకుండా మధ్యలోనే ఆపేయాలి. షార్ట్ స్టిచ్ పేరుతో ఆ సదుపాయం సాఫ్ట్‌వేర్‌లోనే ఉంటుంది. దాన్ని వాడే ఓపిక ఉండాలి, అంతే.

ఇంకో చిక్కు. దారం బిగుతుగా లాగుతుంది కాబట్టి, తెర మీద కనిపించిన గీత టోపీ మీద సన్నబడుతుంది. అందుకని ముందే గీతను 0.2 నుంచి 0.4 మిల్లీమీటరు దాకా లావు చేసి పెడతాం. ఇంగ్లీషులో 'ఎల్' ఎంత లావైనా 'ఎల్'గానే ఉంటుంది. తెలుగులో గీత లావైతే అక్షరం కడుపు మూసుకుపోతుంది. 'థ' లోపలి చుక్క కలిసిపోయి 'ద'లా కనిపిస్తుంది. 'ధ'కు, 'ఫ'కు కింద ఉండే చిన్న గీటు పై గీతకు అంటుకుపోతుంది. అప్పుడు ధనం దనమవుతుంది, ఫలం పలమవుతుంది. మాస్టార్లు ఎర్ర సిరాతో దిద్దే తప్పులన్నీ మా టోపీల మీద దర్జాగా ఊరేగుతుంటాయి. (నవ్వులు) కాబట్టి లావు పెంచేది గీతకు బయటి వైపే పెంచాలి, లోపలి వైపు ముట్టుకోకూడదు. 'ధ' కింది గీటును అచ్చులో ఉన్న చోటు కంటే ఒక మిల్లీమీటరు దూరంగా జరపాలి. కంటికి తేడా తెలియదు, చదవడానికి మాత్రం తెలుస్తుంది.

అన్నింటికన్నా కష్టం ఒత్తులు. లెక్క చూడండి. టోపీ ముందు రెక్కకు పైన అరంగుళం వదిలేయాలి. పైన టోపీ వంగే చోటికి పోకూడదు. నికరంగా దక్కే ఎత్తు 50, 60 మిల్లీమీటర్ల మధ్య. ఒక వరుసకు 25 మిల్లీమీటర్లు ఇచ్చాం అనుకోండి. ఇంగ్లీషు పెద్ద అక్షరం ఆ 25నీ వాడుకుంటుంది. తెలుగులో పైన గుడికి కొంత, కింద ఒత్తుకు కొంత పోగా అసలు అక్షరానికి సగం మిగిలితే గొప్ప. ఒత్తుకు ఆరేడు మిల్లీమీటర్లు. అందులో గీత వెడల్పు 1 మిల్లీమీటరు లోపే. శాటిన్ అక్కడ పనికిరాదని ఇందాకే అనుకున్నాం. అయినా అందరూ అక్కడ శాటినే వేస్తారు, ఎందుకంటే సాఫ్ట్‌వేర్ తనంతట తాను అదే వేస్తుంది.

అక్కడ మీ మగ్గం దారి పట్టాలి. ఒత్తును అడ్డంగా నింపడం మాని, వెంట నడిపించాలి. రన్నింగ్ కుట్టులో ముందుకొకటి, వెనక్కొకటి, మళ్లీ ముందుకొకటి, ఇలా మూడు పేటలు పడే రకం ఉంది. దానితో 'ల' ఒత్తు ఒక్క గీతలో తేటగా వస్తుంది. పై అక్షరం శాటిన్‌లో మెరుస్తుంది, కింది ఒత్తు సన్నగా ఉన్నా విడిగా కనిపిస్తుంది. ఇంకా చిన్నది కావాలంటే సన్నని 60 నంబరు దారం, 65/9 సూది. మామూలు పనికి 75/11 సూది చాలు. మొన వాడిగా ఉండాలి, టోపీ లోపల బిగువు కోసం పెట్టే బక్రం గుడ్డ దట్టంగా ఉంటుంది కదా.

ఈ పనిలో ఉన్నవాడికి మన చుట్టుపక్కల ఊళ్ల పేర్లు వేరేగా కనిపిస్తాయి. రాజాం, సాలూరు, పలాస చూస్తే ప్రాణం హాయిగా ఉంటుంది. ఒక్క ఒత్తు లేదు. విజయనగరం కూడా అంతే. పైగా ఆరు అక్షరాలు. ఆరు ముక్కల టోపీకి నుదుటి మధ్యలో నిలువు అతుకు ఉంటుంది చూశారా, అది సరిగ్గా 'య'కు 'న'కు మధ్య పడుతుంది. అతుకు మీద సూది పడితే పక్కకు జారుతుంది, కుట్టు వంకర పోతుంది. విజయనగరానికి ఆ బాధ లేదు. ఆమదాలవలసకు ఏడు అక్షరాలు, నడిమి 'ల' అతుకు మీద ఎక్కి కూర్చుంటుంది. అక్కడ పై కుట్టుకు ముందు అడుగున ఒక పలచని జిగ్‌జాగ్ వేసి అతుకును చదును చేసుకోవాలి. లేదంటే ముందు అతుకు లేని అయిదు ముక్కల టోపీ తీసుకోవాలి. నెల్లిమర్లలో రెండు 'ల' ఒత్తులు, ఫరవాలేదు. నరసన్నపేట, చీపురుపల్లి, టెక్కలి కూడా నడుస్తాయి. బొబ్బిలిలో 'బ' కింద 'బ', జాగ్రత్తగా చేయాలి. శ్రీకాకుళంలో మొదటి అక్షరమే పరీక్ష పెడుతుంది: పైన గుడిదీర్ఘం, కింద క్రారవడి. ఆ ఒక్క 'శ్రీ' కోసం మిగిలిన అక్షరాలన్నీ కుదించుకోవాలి. ఇక ఇచ్ఛాపురం! 'చ' కింద 'ఛ' ఒత్తు, ఆ ఒత్తుకు మళ్లీ ఒక గీటు. ఆ ఊరి కుర్రాళ్లు క్రికెట్ టోపీలకు వస్తే ముందు కూర్చోబెట్టి మంచినీళ్లు ఇస్తాను. (నవ్వులు)

టోపీ బల్లపరుపు గుడ్డ కాదని కూడా గుర్తు పెట్టుకోవాలి. చొక్కా జేబు అయితే ఫ్రేములో బిగించి నిమిషానికి 800, 900 కుట్లు కుట్టినా నడుస్తుంది. టోపీని గుండ్రని ఫ్రేముకు తొడిగి, కింద పట్టీతో బిగిస్తాం. పట్టీ దగ్గర గుడ్డ కదలదు, పైకి పోయేకొద్దీ వదులు. సూది దిగి కొద్దిగా పైకి లేచినప్పుడు బెజ్జం దగ్గర దారం ఉచ్చు పడాలి, కింద తిరిగే హుక్కు ఆ ఉచ్చును పట్టుకోవాలి. గుడ్డ కూడా సూదితో పాటు పైకి లేచిందంటే ఉచ్చు పడదు, హుక్కుకు దారం అందదు, కుట్టు తప్పిపోతుంది. అందుకే టోపీకి వేగం 600, 700కు తగ్గిస్తాం, వెనక గట్టి పేపరు పెడతాం.

అదే కారణంతో టోపీ మీద ఎప్పుడూ కింద నుంచి పైకి, మధ్య నుంచి పక్కలకు కుట్టాలి. సూది గుడ్డను తన ముందుకు తోసుకుంటూ పోతుంది. పైనుంచి మొదలుపెడితే వదులంతా రెక్క దగ్గరకు చేరి ఉబ్బుతుంది. ఎడమ నుంచి మొదలుపెడితే చివరి అక్షరం దగ్గర ముడత పడుతుంది. విజయనగరం కుట్టాలంటే ముందు 'నగరం' కుడివైపుకు, తరువాత వెనక్కి వచ్చి 'య', 'జ', 'వి' ఎడమవైపుకు. ఒత్తున్న అక్షరమైతే ముందు ఒత్తు, తరువాత అక్షరం, చివర గుడి. బడిలో నేర్పిన వరుసకు ఇది పూర్తిగా తలకిందులు. చాలా మిషన్లలో డిజైను కూడా తలకిందులుగానే ఎక్కించాలి. అక్షరం తిరిగే దారి మాత్రం బడిలో దిద్దిన దారే ఉండాలి.

ఫాంట్ల గురించి అడిగేవారు చాలామంది. గిడుగు, గురజాడ ఇద్దరి పేర్లతోనూ ఉచిత తెలుగు ఫాంట్లు ఉన్నాయి. రెండూ శీర్షికలకు, పోస్టర్లకు చేసినవి. మన ప్రాంతపు ఇద్దరు మహానుభావుల పేర్లు కంప్యూటర్లలో అలా నిలవడం నాకు సంతోషం. టోపీ పనికి మాత్రం నేను రామభద్ర అనే ఫాంటు దగ్గరికి పోతాను, దాని గీతలు లావు, కొసలు గుండ్రం. ఏ ఫాంటైనా కింద పరుచుకుని దిద్దడానికే. నేరుగా దాన్నే కుట్టుగా మార్చే బొత్తాం నొక్కితే తలకట్టు, అక్షరం ఒకదాని మీద ఒకటి ఎక్కి, అక్కడ దారం రెండింతలై సూది విరుగుతుంది. కొన్ని ఎంబ్రాయిడరీ సాఫ్ట్‌వేర్లలో తెలుగు టైపు చేస్తే ఒత్తులే కలవవు, 'శ్' ఒక చోట, 'రీ' ఒక చోట నిలబడతాయి. డబ్బు పెట్టలేని పిల్లలు బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్ అనే సాఫ్ట్‌వేర్ వేసుకుని, దానికి జతగా దొరికే ఇంక్‌స్టిచ్ వాడండి. రెండూ ఉచితం. తెలుగు సరిగ్గా చూపిస్తాయి, డీఎస్‌టీ ఫైలు కూడా ఇస్తాయి. అందులో శాటిన్ గీతకు రెండు పట్టాలు గీసి, మధ్య మధ్య మెట్లు వేస్తే, దారం ఏ చోట ఏ వాలులో పడాలో మనమే చెప్పినట్టు. ఒక్కో అక్షరానికి ఓపికగా ఆ పట్టాలు వేసుకుని దాచుకుంటే జీవితమంతా పనికొస్తాయి.

ఖర్చు తేడా కూడా అక్కడే ఉంది. ఇంగ్లీషు అక్షరాలు కుట్టడానికి తయారుగా సాఫ్ట్‌వేర్‌తోనే వస్తాయి, టైపు చేస్తే చాలు. తెలుగుకు మనిషి కూర్చుని గీయాలి. కుట్టు కూలి వెయ్యి కుట్ల లెక్కన ఏ భాషకైనా ఒకటే, మొదటిసారి పంచింగ్ చార్జీ మాత్రం వేరు. పది టోపీలకు అది బరువనిపిస్తుంది, రెండు వందల టోపీలకు కనిపించదు.

దసరా వెళ్లిన తరువాతి మంగళవారం మన పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. వలంటీర్ల టోపీలకు అప్పుడే అడుగుతున్నారు. దయచేసి ఒక్క మాట వినండి. "శ్రీశ్రీశ్రీ పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవ సేవా కమిటీ", కింద వార్డు నంబరు, అధ్యక్షులవారి పేరు, ఫోను నంబరు... (నవ్వులు) ఇదంతా నుదుటి మీద 11, 12 సెంటీమీటర్ల వెడల్పులో పట్టదు. పట్టించినా ఎవరూ చదవలేరు. పైన "పైడితల్లి", కింద "సిరిమాను". చాలు. 'పై' కింద ఐత్వం, 'ల్లి' కింద ఒత్తు రెండూ నిలిచేంత చోటు దొరుకుతుంది. కమిటీ పేరు, వార్డు నంబరు టోపీ వెనక పట్టీ పైన ఇంగ్లీషులోనో అంకెల్లోనో వేసుకోండి. ఫోను నంబరు బ్యానరు మీద రాయించండి.

టోపీ కొనేటప్పుడు మీరు కూడా ఒకసారి లోపలికి తిప్పి చూడండి. శాటిన్ గీత వెనక మధ్యలో కింది నుంచి వచ్చే తెల్ల బాబిన్ దారం మూడో వంతు కనిపిస్తే బిగువు సరిగ్గా ఉన్నట్టు. తెలుపే కనిపించకపోతే పై దారం మరీ వదులు. తెల్ల దారం ముందుకే వచ్చేసి కనిపిస్తుంటే డబ్బులివ్వకండి, నా షాపులో అయినా సరే.

(ప్రశ్నలు)

సభికులలో ఒక ఉపాధ్యాయుడు: గీటు జరుపుతామన్నారు, ఒత్తు సన్నగా కుడతామన్నారు. లిపిని మీ ఇష్టం వచ్చినట్టు మార్చేస్తే రేపు పిల్లలు ఏది సరైన రూపమనుకోవాలి?

మంచి ప్రశ్న మాస్టారూ. నేను జరుపుతాను గానీ తీసేయను. ఒత్తు తీసేసి "బొబిలి" అని కుట్టేయమని అడిగేవారు ఉన్నారు, ఎవరికి తెలుస్తుందని. నాకు తెలుస్తుంది, కుట్టను. నల్లబల్ల మీద మీరు సుద్దతో రాసే 'ఖ', పాఠ్యపుస్తకంలో అచ్చయిన 'ఖ' ఒక్కలాగే ఉంటాయా? పిల్లవాడు రెండింటినీ చదువుతాడు. సుద్దకు ఇచ్చిన ఆ వెసులుబాటు దారానికి కూడా ఇవ్వండి. ముద్దగా అతుక్కుపోయిన అసలు రూపం కంటే కొంచెం జరిగినా చదవగలిగిన రూపం నయమని నా అభిప్రాయం. మీరు ఒప్పుకోకపోతే ఇచ్ఛాపురం టోపీ ఒకటి కుట్టి మీ బడికి పంపిస్తాను, మీరే మార్కులు వేయండి. (నవ్వులు)

ఒక మహిళ: నా దగ్గర ఇంట్లో వాడే చిన్న ఎంబ్రాయిడరీ మిషను ఉందండి, ఒకటే సూది. దాని మీద టోపీలు కుట్టవచ్చా?

గట్టి బక్రం టోపీ వద్దమ్మా. దాన్ని బల్లపరుపుగా వంచి ఫ్రేములో పెడితే రెక్క అడ్డు వస్తుంది, అక్షరం కింది భాగం కుట్టలేరు, బక్రం మడత పడితే మళ్లీ సరికాదు. బక్రం లేని మెత్తని టోపీ అయితే, వెనక అంటుకునే పేపరు వేసి, నుదుటి భాగం మాత్రం చదునుగా అతికించి చిన్న పేరు కుట్టవచ్చు. కానీ మీకు ఇంకో మంచి దారి ఉంది. పేరును టోపీ మీద కాకుండా గట్టి ట్విల్ గుడ్డ ముక్క మీద కుట్టండి. చదును గుడ్డ కాబట్టి మీ మిషను చక్కగా కుడుతుంది, కింద నుంచి పైకి, మధ్య నుంచి పక్కలకు అనే బాధలన్నీ ఉండవు. చుట్టూ మూడు నాలుగు మిల్లీమీటర్ల శాటిన్ అంచు వేసి కత్తిరిస్తే బిళ్ల అవుతుంది. దాన్ని టోపీకి చేత్తో కుట్టేయండి. మగ్గం చేసే చేతికి అదెంత పని. తెలుగు అక్షరాల ఫైళ్లు కావాలంటే షాపుకు పెన్ డ్రైవు తీసుకుని రండి, నా దగ్గరున్న ఒత్తులన్నీ వేసి ఇస్తాను. ఆదివారం మాత్రం రావద్దు, ఆ రోజు మిషనుకు నూనె పెట్టుకుంటాను.